రాజవ్వ నేర్పిన దాణా

ఇవాళ మా కోడలు ఉలవలు ఉడకబెట్టింది. నిజామాబాదులో మా ఇంటి వంటగదిలోంచి ఆ వాసన రాగానే నా కుడిచెయ్యి దానంతట అదే ముందుకు చాచుకుంది, అరచెయ్యి పైకి, వేళ్లు నిటారుగా. కోడలు చూసి ఏమైందత్తమ్మా అని కంగారుపడింది. ఏమీ కాలేదు. అలా చెయ్యి చాపడం నాకు నేర్పింది బోధన్‌లో మా పక్కింటి రాజవ్వ. ఆమె లేకపోతే ఈ కోడలూ లేదు, ఈ ఇల్లూ లేదు.

నేను బోధన్‌లో కాపురం పెట్టేనాటికి అక్కడ కాలువ నీళ్లు కొత్త, చెరుకు తోటలు కొత్త, చక్కెర ఫ్యాక్టరీ గోడలు ఇంకా లేస్తూనే ఉన్నాయి. మా ఆయన కాలువల కచేరీలో గుమాస్తా. కచేరీ రెండు వీధుల అవతలే, నడిచి వెళ్లేవారు. గుర్రం ఉన్నది నౌకరీకి కాదు, ఒట్టి షోకుకు. చంద్రి దాని పేరు. నాకంటే మూడేళ్ల ముందు ఆ ఇంట్లో అడుగుపెట్టింది, ఆ పెద్దరికం బాగానే చూపేది. సాయంత్రం కోటు విప్పి గుర్రమెక్కితే ఆయన మళ్లీ వచ్చేది అన్నం చల్లారి, పిల్ల నిద్రపోయాకే. వచ్చాక కూడా ముందు గుర్రానికి మాలీసు, తర్వాతే మా యోగక్షేమం. ఒకనాడు తండ్రి ఎత్తుకోబోతే ఏడాది పిల్ల కొత్తవాళ్లను చూసినట్టు గుక్కపట్టి ఏడ్చింది. నాకు ఒళ్లు మండిపోయింది. గుర్రాన్ని అమ్ముతారా, నన్ను నవీపేటలో మా తల్లిగారింటికి పంపుతారా, తేల్చమని అడగడానికి బట్టలు మూట కట్టాను.

రాజవ్వ ఎందుకు వచ్చిందో గుర్తులేదు గానీ, వచ్చి సరాసరి ఆ మూట మీదే కూర్చుంది. యాభై దాటిన ఒంటరి మనిషి, ఒకప్పటి పటేల్ గారి భార్య. ఆమె మామూలుగా మాట్లాడితేనే వీధి చివరికి వినపడేది. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించింది.

"మా ఆయనకు గూడ గుర్రముండె బిడ్డా. ఏడ్చి, అలిగి, అమ్మిపిచ్చిన. మనిషి ఇంట్లనే ఉన్నడు. బజార్ల గిట్టల సప్పుడైతె మాత్రం ముద్ద నోటికి పోకపోతుండె. సచ్చేదాక గట్లనే."

ఆమె లేచి, మూట విప్పి, చీరలు పెట్టెలో సర్ది, రేపటినుంచి గుర్రానికి దాణా నీ చేత్తో పెట్టు, సరిగ్గా దీపాలవేళకే పెట్టు అని చెప్పి వెళ్లింది. అదృష్టం కొద్దీ మర్నాడే ముసురు పట్టింది. పది రోజులు సవారీ లేదు. మొదటిరోజు భయంతో గుప్పిట్లో గుడాలు పట్టుకుని చాపాను, అదే, ఉడికిన ఉలవలు. చంద్రి నా వేలు కొరికింది. రాజవ్వ వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పదీసింది. "ముడిస్తె కొరుకుతది పిల్లా. చెయ్యి పూర్తిగ తెరువు."

వాన వెలిసేసరికి దీపాలవేళ నా చేతి దాణా చంద్రికి అలవాటైపోయింది. సవారీకి వెళ్లిన మనిషి దీపం పెట్టేసరికి వాకిట్లో ఉన్నారు, మొహం ముడుచుకుని. కాలువ వంతెన దాకా పోగానే గుర్రం ఇంటికి మళ్లుతోందట, కళ్లెం లాగినా వినడంలేదట. రోజూ ఇదే వరస. దీనికేదో రోగం పట్టింది, వైద్యుడికి చూపించాలన్నారు. గోడ అవతల రాజవ్వ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకోవడం నాకు కనపడుతూనే ఉంది. నేనూ మురిసిపోయాను. ఆమె మాత్రం నన్ను మురవనివ్వలేదు. సంగతి ఆయనకు చెప్పు, దొంగచాటు గెలుపు ఎన్నాళ్లుంటుందని పట్టుబట్టింది.

చివరికి చెప్పాను. ఆయన చేతిలోని కళ్లెం కొయ్యకు తగిలించి నా వైపు తిరిగారు.

"గుర్రాన్ని మలిపినవు. నన్ను పిలిస్తె అయిపోతుండె గద?"

"పిలిచిన. మీకు ఇనవడలే."

ఆయన తల వంచుకున్నారు. మర్నాడు పిల్లను జీను మీద తన ముందు కూర్చోబెట్టుకుని వంతెన దాకా తిప్పుకొచ్చారు. అది కేరింతలు కొడుతూ దిగింది. అప్పటినుంచి రోజూ వంతెన దాకానే. శుక్రవారం, కచేరీకి జుమ్మా సెలవునాడు మాత్రం పొద్దంతా ఆయనది, చంద్రిది. ఎక్కడికని నేను అడిగేదాన్ని కాదు, రొట్టెలు కట్టి పంపేదాన్ని.

చంద్రి ముసలిదై మా కొట్టంలోనే పోయింది. ఆ తర్వాత కూడా ఆయన దీపాలవేళకు ఇల్లు చేరని రోజు లేదు. గడపలో నిలబడి, నా గుడాలేవీ అని చెయ్యి చాపేవారు. రాజవ్వ బతికుండగా నేనొక్కసారీ ఆమెకు దండం పెట్టలేదు. ఆ వయసుకు తోచలేదు. తాను పోగొట్టుకున్నది నేను పోగొట్టుకోకుండా చూసింది, అది తలుచుకుంటే ఇప్పటికీ కళ్లు నిండుతాయి.

కోడలు గుడాలు చల్లార్చి తెచ్చి, చాచిన నా చేతిలో పోసింది. ఆయన పోయి నాలుగేళ్లు. దీపాలవేళ అయింది. చెయ్యి తెరిచే ఉంచి, గడప వైపు చూశాను.