ఫారసీ దగ్గర ఆగిన కీమా

ఫాల్గుణ మాసం, ఆదివారం. పొద్దుటి నడకకు వచ్చినవారు: నేను, నాలాగే బొగ్గుగనిలో చేసి మైనింగ్ సర్దార్‌గా రిటైరైన పక్కింటి అన్న, మా చెల్లెలి భర్త అయిన బావ.

నడక అయ్యాక సెంటినరీ కాలనీ మూలమీద మాంసం కొట్టు దగ్గర ఆగాం. బావ అరకిలో కీమా చెప్పాడు.

రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చి, మాటల పుట్టుక వెతకడం. మన ఇళ్లలో తిరిగే ఉర్దూ మాటల్లో కొన్ని ఎక్కడో మధ్య ఆసియాలో గుర్రాల మీద తిరిగినవాళ్ల నోట పుట్టాయని తెలిసినప్పటి నుంచి నా నోరు ఆగదు.

“బావా, ఆ కత్తి చప్పుడు ఇను. తుర్కీ భాషలల్ల ‘కియ్’ అంటే సన్నగ తరుగుడు. దానికి ‘మా’ చేరితే ‘కియ్‌మా’, తరిగింది అని. అది ఫారసీలకు పోయి...”

“మళ్ల మొదలువెట్టిండు!” బావ నెత్తి కొట్టుకున్నాడు. “మొన్న కైంచి, నిన్న చాకు. ఇయ్యాల తినేదాన్ని గూడ ఇడిసిపెట్టవా?”

కొట్టతను కత్తి ఆపి నన్నే చూస్తున్నాడు. మా వెనక నిలబడ్డ ఒకామె “జల్ది కొట్టు కాకా, ముచ్చట్లు తర్వాత” అంది.

“ఇంకొక్క ముక్క చెప్పినవో, రేపటి సంది నీ గేటు కాడ ఆగేది లేదు. ఏమంటవన్నా?” అన్నాడు బావ.

సర్దారన్న తలూపాడు. “నడిస్తే కాళ్లు నొయ్యాలె గని, నాకు చెవులు నొస్తున్నయి తమ్మీ.”

నవ్వుతూనే అన్నారు గానీ, నిజంగానే రావడం మానేస్తారేమోనని భయపడ్డాను. డ్యూటీ లేని మనిషి పొద్దున్నే లేవడానికి ఏదో ఒక కారణం కావాలి. నాకున్నది వీళ్లిద్దరే. నోరు మూసుకున్నాను. నేనూ ఓ అరకిలో కట్టించుకుని ఇంటిదారి పట్టాను. మధ్యాహ్నం కీమా కూర తింటూ కూడా ఏమీ చెప్పకపోయేసరికి, జ్వరమేమోనని మా ఆవిడ నుదురు తాకి చూసింది.

మర్నాడు ముందే తయారై వరండాలో కూర్చున్నాను. వెలుతురు రాకముందే గేటు దడదడలాడింది. సర్దారన్న. వెనక నిద్రమొహంతో బావ.

“ఏంది తమ్మీ, గట్ల వదిలిపెట్టి పోతవు?” అన్న కోపంగా ఉన్నాడు. “ఇన్నేండ్లు బొగ్గుబాయిల చేసినం. పని ఏడిదాక వచ్చిందో వచ్చే షిఫ్టోళ్లకు చెప్పకుండ ఎన్నడన్న పైకొచ్చినమా? నువ్వు ఆ కీమా మాటను ఫారసీల పడేసి ఇంటికి పోయినవు. నాకు నిద్రవట్టలే. ఆడికెళ్లి ఎటు వోయింది?”

“ఫారసోళ్లు పప్పేసి వండుకున్నరన్నా. వాళ్ల కాడి నుంచి ఉర్దూకు, ఉర్దూ నుంచి మన గిన్నెలకు.”

“గంతేనా?” అన్నాడు బావ. “దీనికా నన్ను లేపింది?”

“సగంల ఆపుడు మాత్రం వద్దు. మొదలువెడితే చాయ్ హోటల్ వచ్చేలోపు ముగించాలె,” అన్నాడు అన్న.

“చాయ్ అంటే గుర్తొచ్చింది, అది చైనాల...” అన్నాను గేటు వేస్తూ.

ఇద్దరూ నడక వేగం పెంచారు.