మేడం గోళీలు

నా తమ్ముడు హన్మండ్లు తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకున్న ఏడాదే అతని భార్య భాగ్య కువైట్ విమానం ఎక్కింది. మా ఇబ్రహీంపట్నంలో మగవాళ్ళు గల్ఫ్ పోవడం కొత్తేమీ కాదు. మొగుణ్ణి మంచంలో వదిలి ఆడది పోవడమేమిటని వాడకట్టంతా బుగ్గలు నొక్కుకుంది. నొక్కుకున్న వాళ్ళలో ఒక్కరైనా ఆ ఇంటికి సోలెడు బియ్యం పెట్టారా అంటే లేదు. వాళ్ళ బిడ్డ నవ్యను నేనే నా దగ్గర ఉంచుకున్నాను.

భాగ్యకు దొరికిన పని ఒక ముసలి మేడంను చూసుకోవడం. ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక స్నానం చేయించడం, కట్టు చూడటం, రోజూ పొద్దున ఒక చిన్న తెల్ల మందు గోళీ ఇవ్వడం, అన్నీ భాగ్యే. ఏడాది తిరిగేసరికి మేడం తానే బజారుకు పోయి భాగ్యకు బట్టలు కొనితెచ్చింది. ఆ సంగతి భాగ్య నాకు ఫోన్లో గొప్పగా చెప్పేది.

"క్యాన్సరంటె అందరు ఉత్తగనే బెదురుతరు వదినె. ఒక్క గోళీతోని మా మేడం మంచిగ తిరుగుతున్నది."

అందుకే తన రొమ్ములో గడ్డ చేతికి తగిలినప్పుడు భాగ్య బెదరలేదు. అప్పటికి తనకు ముప్పైనాలుగేళ్ళు. జబ్బని తెలిస్తే ఇంటికి పంపేస్తారు, మళ్ళీ వీసా దొరకదు, దాని భయమంతా అదే. మా ఊళ్ళో ఒక పేదామెకు ఇదే రోగముందని మేడంతో చెప్పింది. ఆవిడ జాలిపడి తన మందుల్లోంచి డబ్బాలు తీసి ఇచ్చింది. ఆ పేదామె ఎవరో మేడంకు తెలియదు, మాకూ తెలియదు.

భాగ్య సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు మేం పసుపు ఉడకబెడుతున్నాం. గంప ఎత్తబోయి, చెయ్యి లేవక కూలబడింది. లోపలికి తీసుకుపోయి జాకెట్ విప్పించి చూశాను. రొమ్మంతా గట్టిపడి, గడ్డ చంక దాకా పాకి ఉంది.

"గోళీలు ఏసుకుంటున్న వదినె, తగ్గుతది" అంటూ పెట్టెలోంచి డబ్బా తీసి చూపించింది. చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కొట్టలేక పట్టుకుని ఏడ్చాను.

కరీంనగర్‌లో ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ ఆ డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మందు మంచిదేనమ్మా. రొమ్ము క్యాన్సర్ ఒక్కటే జబ్బు కాదు, అందులో రకాలున్నాయి. మీ మేడంది ఆడవాళ్ళ హార్మోన్ మీద పెరిగే రకం. దాన్ని ఈ గోళీ ఆపుతుంది. నీ గడ్డకు ఆ హార్మోన్‌తో పనే లేదు. ఇన్నాళ్ళు మింగినా గోళీ దాన్ని ముట్టుకోలేదు."

తెల్లవాళ్ళ దేశాల్లో కంటే మన దగ్గర ఈ జబ్బు పదేళ్ళ చిన్న వయసులోనే వస్తోందనీ, మన ఆడవాళ్ళలో ఈ మొండి రకం ఎక్కువగా కనబడుతోందనీ చెప్పింది. ఎందుకో పూర్తిగా ఇంకా ఎవరికీ తెలియదంది. భాగ్య అడిగింది ఒకటే. "రెంటికి ఒక్కటే పేరెందుకు పెట్టిన్రు డాక్టరమ్మా?"

డాక్టరమ్మ హైదరాబాద్ ఆసుపత్రికి చీటీ రాసిచ్చింది.

ఊళ్ళో వాళ్ళ దగ్గర మాత్రం అన్నిటికీ జవాబుంది. అది కువైట్ రోగమట, అక్కడి నీళ్ళ వల్ల వచ్చిందట. పక్కింటి సాయమ్మ నవ్యను తన మనవరాలి పక్కన కూర్చోనివ్వలేదు. వాకిట్లో నిలబడి ఆమెను దులిపేశాను. దానివల్ల భాగ్యకు ఒరిగిందేమీ లేదు.

హైదరాబాద్‌లో మందు ఎక్కించారు. జుట్టంతా రాలింది. గడ్డ కొంత కరిగి, మళ్ళీ పెరిగి, ఊపిరితిత్తుల్లోకి పాకింది. ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

మాట కూడా కష్టమైన రోజుల్లో మేడం ఫోన్ చేసింది. భాగ్య వీడియో ఆపేసి, గొంతు సవరించుకుని, నవ్వుతూ అరబ్బీలో మాట్లాడింది. పెట్టేశాక ఏమన్నదని అడిగాను.

"ఊళ్లె ఆమెకు ఎట్లున్నది, గోళీలు ఇంక పంపియ్యాల్నా అని అడిగింది."

"నువ్వేమన్నవు?"

"మంచిగైంది, పొలం పనికి గూడ పోతున్నది అన్న."

నాకు ఒళ్ళు మండింది. "నిజం చెప్తె ఏం పోతుండె? ఆమె సొమ్మేమన్న తిన్నమా?"

భాగ్య ఊపిరి కూడదీసుకుంది.

"ఆమె గూడ గవే గోళీలు ఏసుకుంటది వదినె. నాకు పనిచెయ్యలేదని తెలిస్తె భయపడ్తది. మింగుడు బంద్ జేస్తది."

పెట్టెలో రెండు డబ్బాలు మిగిలాయి. భాగ్య దినాలయ్యాక, కువైట్‌లో డ్రైవర్‌గా పనిచేసే మా జలపతి తిరిగి పోతుంటే, మేడంకు ఇవ్వమని వాటిని అతని చేతిలో పెట్టాను. ఎందుకు పంపారని అడిగితే ఏమని చెప్పాలన్నాడు.

ఊళ్ళో ఆమెకు పూర్తిగా తగ్గిందని చెప్పమన్నాను.