లగాం పట్టినట్టు హ్యాండిల్: చిలకలగూడ నుంచి మల్కాజ్‌గిరికి

ఆ శనివారం ఉదయం జడ వేసుకుంటూ చెయ్యి పైకెత్తితే కుడిచేతి గాజు మోచేతి దాకా జారిపోయింది. పిండికట్టు విప్పి పది రోజులే అయింది. మణికట్టు అంత సన్నబడిందని అప్పటిదాకా గమనించలేదు. అది పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడాది. మల్కాజ్‌గిరిలో ఒక బాలికల బడిలో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది కాని, చెయ్యి విరగడంతో చేరలేకపోయాను. ప్రధానోపాధ్యాయురాలు రెండు నెలలు ఆగి చివరికి ఉత్తరం రాశారు. శనివారం సాయంత్రం నాలుగింటిలోగా ఎవరి సాయమూ లేకుండా బడికి వచ్చి కనబడితే సరే, లేకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇస్తామన్నారు. రోజూ రిక్షా పెట్టుకునే స్తోమత మాకు లేదు. బడి వేళకు రైలు లేదు. మిగిలింది సైకిలే.

చిలకలగూడలో మా ఇంటి నుంచి తొమ్మిదింటికి బయల్దేరాను. "మళ్ళీ విరగ్గొట్టుకొచ్చావంటే అన్నం కలిపి పెట్టను, చెబుతున్నా" అంది అమ్మ గుమ్మంలో నిలబడి. రెండు వందల గజాలు వెళ్ళేసరికి మణికట్టు నుంచి మోచేతి దాకా నొప్పి లాగింది. నా సైకిల్ హ్యాండిల్ అడ్డంగా, తిన్నగా ఉండేది. అది పట్టుకుంటే అరచేయి కిందికి తిరిగి ఒంటి బరువంతా మణికట్టు మీద పడుతోంది. దిగిపోయాను. ఎదురుగా ఖాదర్ మియా సైకిళ్ళ దుకాణం. ఆయన నిరుటి దాకా సర్కారు గుర్రపు దళంలో జీన్లు కుట్టేవారు. దళం రద్దయ్యాక ఈ పని పెట్టుకున్నారు. ఆయనే పలకరించారు.

"ఏమైంది బేటీ? చెయ్యి తక్లీఫ్ ఇస్తుందా?"

ఉన్నది చెప్పాను, నాలుగింటి గడువుతో సహా. ఆయన నా చెయ్యి ముట్టుకోలేదు. ఒక తోలుపట్టీ తెచ్చి రెండు కొసలూ నా చేతికిచ్చి, మధ్యలో తాను పట్టుకుని దూరంగా నిలబడ్డారు.

"కండ్లు మూస్కో. నువ్వు గుర్రం మీద ఉన్నవ్, ఇది లగాం. జెర వదులుగ పట్టు. నొస్తుందా?"

కళ్ళు తెరిచి చూసుకున్నాను. పిడికిళ్ళు ఒకదానికొకటి ఎదురుగా ఉన్నాయి, బొటనవేళ్ళు పైకి. నొప్పి లేదు.

"గట్లనే ఉండాలె" అని, నా పిడికిలి ఎంత ఎత్తులో ఉందో, ఎంత దూరంలో ఉందో చూసి పట్టీకి రెండు ముడులు వేశారు. అదే కొలత.

పక్క హోటల్లో చాయ్ తాగుతున్న ఒకాయన ఊరుకోలేదు. "ఖాదర్ భాయ్, సైకిల్‌కు జీను కడుతున్నవా ఏంది? దాణా సుత పెడ్తవా?"

"ముందుగాల నీ నోటికి లగాం కడ్త, ఆగు."

కొసలు మన వైపు వంగి ఉండే పాత హ్యాండిల్ ఒకటి వెతికి బిగించారు. దాన్ని మూడు వేళ్ళంత పైకి లేపి, సీటును కాస్త వెనక్కి జరిపారు. "బరువు కూసున్న కాడ ఉండాలె. చేతులు ఊకె దారి చెప్తయి, గంతే" అన్నారు. పట్టుకునే చోట ఉన్ని గుడ్డ చుట్టి, పైన మెత్తని తోలు కుట్టారు. ఆ కుట్టు ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఇప్పటికీ నాకు దొరకలేదు. ఎడమచేతి బ్రేకు రెండు వేళ్ళతో నొక్కినా పడేట్టు సరిచేశారు. అన్నీ కలిపి అప్పటి మా సంస్థానపు డబ్బు హాలీ సిక్కాలో మూడు రూపాయలు.

రెండు దాటాక మళ్ళీ బయల్దేరాను. మెట్టుగూడ, లాలాగూడ మీదుగా వెళితే దారి మూడు మైళ్ళకు కాస్త ఎక్కువ. మెట్టుగూడ ఎత్తులో దిగి నడవడం మంచిది. అవతలి పల్లంలో ఒక గడ్డి బండి ఉన్నట్టుండి అడ్డం తిరిగింది. ఎడమచేత్తో బ్రేకు నొక్కాను. కుడిచెయ్యి తోలు మీద ఊరికే ఆనుకుని ఉంది. సైకిల్ బండి చక్రానికి మూరెడు దూరంలో ఆగింది. మణికట్టు కలుక్కుమంటుందని ఎదురుచూశాను. అనలేదు.

మూడుంబావుకు బడిలో ఉన్నాను. "రిక్షా ఎక్కడ ఆపావమ్మా?" అన్నారు ప్రధానోపాధ్యాయురాలు. సైకిల్ మీద వచ్చానన్నాను. ఆమె బయటికి వచ్చి హ్యాండిల్ తోలును వేలితో నొక్కి చూశారు. "సోమవారం ఎనిమిదికల్లా రా" అన్నారు.

చెయ్యి బాగుపడాలని రెండు నెలలు ఎదురుచూశాను. సైకిల్ మార్చుకోవచ్చని ఒక్కసారీ తోచలేదు. ఒక మనిషి తనకు బాగా తెలిసిన పనిని కొత్త వస్తువులోకి అంత నెమ్మదిగా తేవడం నేను దగ్గరగా చూసింది ఆ రోజే. దెబ్బతిన్న చేత్తో సైకిలెక్కాలనుకునేవారికి ఒక మాట: ముందు కళ్ళు మూసుకుని, నొప్పి లేకుండా చేతులు ఎక్కడ నిలుస్తాయో చూసుకోండి. హ్యాండిల్ అక్కడికి రావాలని మేస్త్రీకి చెప్పండి.

తర్వాతెప్పుడో తెలిసింది: ఖాదర్ మియాకు సైకిల్ తొక్కడం రాదు.