ఆలస్యంగా అందిన కూత

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పోవచ్చు. ఇది నా చెవులతో విన్నది. బడి మానేసి, గొర్రెల వెంట తిరుగుతూ పొట్లం కాగితాల మీద చదువు నేర్చుకున్నవాణ్ణే... చెవిటివాణ్ణి మాత్రం కాదు!

నా భార్య ఓబులమ్మకు పిత్తాశయంలో రాళ్లు. చీము పట్టింది, ఆ రాత్రే కోయాలన్నారు. పావగడ ఆస్పత్రిలో ఆపరేషను చేసే మరచేతులున్నాయి. వాటిని ఆడించే డాక్టరేమో బెంగళూరులో! మా గొర్రెలు మేసిన బీళ్లలో సోలారు పలకలు పరిచి కరెంటంతా అక్కడికి పంపారు, డాక్టరును కూడా అక్కడే ఉంచుకున్నారా అని అరిచాను.

"ఏమప్పా, ఊరంతా ఇనాల్నా? గమ్మునుండు!" స్ట్రెచర్ మీది నుంచే కసిరింది ఓబులమ్మ.

మా అరుపులు పాతవి. నిడుగల్లు కొండకు చెరో వైపు గొర్రెలు మేపేవాళ్లం. పేర్లు పెట్టి పిలుచుకోం. నేను "ఓ...య్" అంటే ఆమె "ఊ...య్" అనాలి. జవాబు అందేదాకా రెండో కూత వేయకూడదు. పెళ్లయిన కొత్తలో ఒకనాడు, గాలివానలో పిలిచాను. జవాబు లేదు. ఏడుస్తూ కొండంతా వెతికితే రాతిగుండు చాటున కూర్చుని ఉంది. "పలికినా కదప్పా!" అంది. పలకలేదని నేను. అప్పటి నుంచీ అదే మా పోట్లాట.

నన్ను బయట, లోపలి ఆపరేషను కనిపించే టీవీ ముందు కూర్చోబెట్టారు. నర్సమ్మ చెప్పింది: "తాతా, ఆడ సారు చెయ్యి కదిపితే, ఈడ కత్తెర రవ్వంత ఆగి కదుల్తాది. ఆ ఆలస్యం పెరిగితే కష్టం. ఆయన చూసేది పాత బొమ్మ, కోసేది ఇప్పటి కండ."

సగంలో... బొమ్మ నిలిచిపోయింది.

రక్తనాళం పక్కనే కత్తెర... నోరు తెరుచుకుని. స్పీకర్లో డాక్టరు, "నేను చేతులు తీసేశాను. ఎవరూ కదలొద్దు."

ఏసీ హోరు... ఏదో యంత్రం టిక్... టిక్...

పిలిచాను. మనసులోనే. పెదవి కూడా కదల్లేదు. ఓ...య్.

ఏమీ లేదు.

ఏమీ లేదు...

"ఊ...య్."

స్పీకర్లోంచే. సన్నగా. వాన గాలి కలిసిన గొంతు... పడుచు గొంతు.

బొమ్మ కదిలింది.

"అక్కడ కేక వేసిందెవరు?" బెంగళూరు నుంచి డాక్టరు.

"ఎవరూ వెయ్యలేదు సార్..." లోపలి నుంచి నర్సమ్మ. ఓబులమ్మ మత్తులో ఉంది. నోట్లో గొట్టం ఉంది!

తెల్లారి కళ్లు తెరిచింది. చెయ్యి పట్టుకున్నాను. నేనేమీ అడగలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు. నా వైపు చూసి, నీరసంగా అంది:

"ఇప్పుడన్నా ఇనపడిందా?"

తర్వాత ఎన్నిసార్లు అడిగినా, "నేనెప్పుడంటి? నీకే మత్తు ఎక్కింటాది పో!" అని నవ్వుతుంది. లైన్లో ఎవరిదో గొంతు కలిసిందంటారు చదువుకున్నవాళ్లు. ఆ గొంతు నాకు తెలియదా?

ఏమో... పోట్లాట మాత్రం మానేశాను. ఆ గాలివాన నాడు పలికిందేమో.