రెప్పకు తెలిసిన వేడి

2023 డిసెంబర్. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో లైను పక్కన, ఒక కాంప్లెక్సు రెండో అంతస్తులో నా షాపు. బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చదివి ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని చిప్ ప్రోగ్రామింగ్. అంటే, యంత్రం ఏం చేయాలో చెప్పే ప్రోగ్రామ్‌ను దాని చిప్పులోకి ఎక్కించడం. మా కిటికీ ఎత్తులోనే రైలు పోతుంది. పోయినప్పుడల్లా దాని నీడ నా బల్ల మీద నీళ్ళలా పారుతుంది.

ఆ మధ్యాహ్నం అంజమ్మగారు ఒక థర్మోకోల్ పెట్టెను ఒళ్ళో పెట్టుకుని తుర్కయంజాల్ నుంచి ఆటోలో వచ్చారు. నల్గొండ పల్లె నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, అరవై దాటాయి. ఆ పెట్టె ఇంక్యుబేటర్. తల్లికోడికి బదులు బల్బు వేడితో గుడ్లను పొదిగేది. లోపల పాతచీర ముక్కల మధ్య నలభై గుడ్లు, వాటి పక్కన వేడినీళ్ళ సీసాలు.

"ఇయ్యాల పందొమ్మిదో దినం బిడ్డా, ఇరవయ్యొకటికి పిల్లలు లేస్తయి. పొద్దుగాల కరెంటు ఎక్కువొచ్చింది, మిషిన్ సచ్చిపోయింది."

"బోర్డు ఒక్కటి విప్పి తెస్తే సరిపోయేదిగా! గుడ్లెందుకు మోసుకొచ్చారు?"

"బోర్డు నువ్వు చూస్తవు. గుడ్లను ఎవరు చూడాలె?"

నేను బోర్డు విప్పడం మొదలుపెట్టాను.

గుడ్లు పొదగబెట్టిన వారానికి కుక్కలు పడి ఆమె కోళ్ళన్నిటినీ చంపేశాయట. అత్తగారి కాలం నుంచి తెగకుండా వస్తున్న నాటుకోళ్ళు. ఇక మిగిలింది ఈ నలభై గుడ్లే. ఇవి చల్లబడితే ఆ జాతి అక్కడితో సరి.

చూస్తే చిప్పులో ప్రోగ్రామ్ చెడింది. ఇంక్యుబేటర్ తయారుచేసినవాళ్ళకు ఫోన్ చేస్తే ఫైలు పంపారు. చిక్కల్లా నా దగ్గరే. చిప్పును గుచ్చే ప్రోగ్రామర్ అనే పరికరం పాతది, దాని సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది. నా విండోస్ కంప్యూటర్ హార్డ్ డిస్క్ ఆ వారమే పోయింది. మిగిలింది విండోస్‌కు బదులు లినక్స్ వేసుకున్న ల్యాప్‌టాప్.

పక్క షాపు రఫీ భాయ్ దగ్గర విండోస్ కంప్యూటర్లు వరుసగా ఉంటాయి. కానీ నెల కిందటే ఆయనతో గంటసేపు వాదించి, విండోస్ లేకపోయినా నా పని ఒక్క రోజు ఆగదని కాంప్లెక్సంతా వినేలా చెప్పి ఉన్నాను. విండోస్ ప్రోగ్రామ్‌లను లినక్స్‌లో నడిపించే వైన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాన్ని తెరిచాను.

రఫీ భాయ్ తలుపులోంచి తొంగిచూశారు. "ఏంది మేడమ్, వైన్ తోటి గుడ్లు పొదిగిస్తున్నరా? జిద్దెందుకు, పంతాలు ఒద్దు. నా సిస్టమ్ ఖాళీగనే ఉన్నది."

"అక్కర్లేదు భాయ్. చేతనైతే ఫ్లాస్కులో వేడినీళ్ళు తెండి."

తెచ్చారు. అంజమ్మగారు సీసాల్లో నీళ్ళు మార్చుకుంటూ కూర్చున్నారు. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంది గానీ 'డివైస్ నాట్ ఫౌండ్' అంది. మళ్ళీ పెట్టాను, మళ్ళీ అదే మాట. సాఫ్ట్‌వేర్‌ను తిట్టాను, కేబుల్‌ను తిట్టాను. రఫీ భాయ్ మూడుసార్లు నీళ్ళు తెచ్చాక తేలిందేమంటే, లినక్స్‌లో ఆ కేబుల్ గుచ్చిన పోర్టును వాడే పర్మిషన్ నా లాగిన్‌కు నేనే ఇచ్చుకోలేదు. తాళం వేసింది నేను, తలుపును తన్నిందీ నేనే.

పర్మిషన్ ఇవ్వగానే పరికరం కనబడింది. గెలిచిన ఊపులో, చిప్పులోకి రాయమని చెప్పే 'రైట్' బటన్ నొక్కాను. ప్రోగ్రామ్ ఎక్కింది. 'వెరిఫై ఓకే' అని వచ్చింది. చిప్పును బోర్డులో పెట్టగానే పెట్టెలో బల్బు వెలిగింది.

ఆ అరగంట నాకు కలలోలా గుర్తుంది. గుడ్ల మీద పసుపు వెలుగు, దాని మీదుగా రైలు నీడ. అంజమ్మగారు ఒక గుడ్డు తీసి నా చెవికి ఆనించారు. "ఇను." పెంకు లోపల, ఎక్కడో చాలా దూరం నుంచన్నట్టు, కీచుమని ఒక పిలుపు. రోడ్డు మీది హారన్లన్నీ ఆగిపోయినట్టనిపించింది.

బోర్డు మీద 37.5 డిగ్రీలు పడింది. ఉండాల్సింది సరిగ్గా అంతే. అంజమ్మగారు ఇంకో గుడ్డు తీసి, కళ్ళు మూసుకుని, కనురెప్పకు ఆనించుకున్నారు.

"కాలుతున్నది బిడ్డా."

"కాలడమేమిటి? అంకె కనబడుతోందిగా."

"నీ అంకెను నేనెందుకు తప్పంట? నా కన్నుకు మసకొచ్చింది, రెప్పకు రాలే. మా అత్త గిట్లనే చూసేది."

వాదన గెలవడానికే జ్వరం థర్మామీటర్ తెచ్చి గుడ్ల మధ్య పెట్టాను. ముప్పైతొమ్మిదిన్నర. అప్పటికప్పుడు బల్బు ఆపి, మూత తీశాను. 

మా పనిలో మొదటి నియమం: రాయడానికి ముందు చదువు. కొత్త ప్రోగ్రామ్ ఎక్కించే ముందు చిప్పులో ఉన్నదాన్ని 'రీడ్' చేసి దాచుకోవాలి. ఎందుకంటే ప్రతి పెట్టెకూ విడిగా కొలిచి పెట్టే క్యాలిబ్రేషన్, అంటే సెన్సార్ తప్పును సరిదిద్దే చిన్న అంకె, ఆ చిప్పులోనే ఉంటుంది. దాన్ని చదవకుండా చెరిపేశాను. ఇరవై ఏళ్ళలో ఎవరి చేతా చెప్పించుకోవాల్సిరాని నియమం అది.

"తప్పు నాదేనండీ," అన్నాను.

"ముందుగాల చల్లార్చు, తర్వాత ఏడుద్దువు."

బోర్డు బటన్లతో రెండు డిగ్రీలు సవరించాను. మళ్ళీ పెట్టిన థర్మామీటర్ 37.5 చూపాక కూడా ఆమె రెప్పకు ఆనించి, "ఇగ మంచిగున్నది" అనేదాకా మూత వేయలేదు.

మూడో రోజు ఫోన్ వచ్చింది. ఎత్తగానే అంజమ్మగారు ఫోన్‌ను పెట్టె దగ్గర పెట్టారు. షాపంతా కిచకిచలు నిండాయి. రఫీ భాయ్ కూడా వచ్చి నిలబడి విన్నారు. తర్వాత ఆమె లెక్క చెప్పారు: ముప్పైఒకటి లేచాయి.

"మిగతా తొమ్మిదీ నా వల్లేనా అంజమ్మగారూ?"

"అన్నీ ఎన్నడు లేస్తయి బిడ్డా? తల్లికోడి కింద గూడ లెవ్వయి."

ఆమె మంచితనానికి అన్న మాటో, నిజమో నాకు తెలియదు. రఫీ భాయ్‌తో లినక్స్ గురించి ఇప్పటికీ వాదిస్తాను. కానీ 'రైట్' నొక్కే ముందు వేలు ఆగుతుంది, 'రీడ్' దగ్గరికి పోతుంది. 'వెరిఫై ఓకే' అంటే నేను రాసింది సరిగ్గా ఎక్కిందని మాత్రమే. నేను చెరిపేసిందేమిటో అది చెప్పదు. ఆ తొమ్మిదిలో నా వంతు ఎంతో చదివే సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనూ లేదు, లినక్స్‌లోనూ లేదు.