తలలో దొరికిన వడ్ల గింజ

నా పెళ్లి ఒక్క వడ్ల గింజ వల్ల తప్పిపోయేది. నవ్వకండి, నా పరువు ఎలా పోయిందో వరసగా చెబుతాను, అప్పుడు నవ్వుదురుగాని.

నాలుగేళ్ల కిందటి మాట. మాది సూర్యాపేట. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం, చొక్కా గుండీలకు రోజూ పరీక్ష పెట్టే పొట్ట. మిర్యాలగూడలో పెళ్లిచూపులు. అమ్మాయి లావణ్య నాకు తెగ నచ్చేసింది. అయితే వాళ్ల తాత ఊ అంటేనే పెళ్లి అని, ఆ ఊళ్లోనే ఉండే మా మేనత్త ముందే హెచ్చరించింది. తాత నర్సయ్యకు డెబ్బై రెండేళ్లు. నిడమనూరులో జీవితమంతా వరి పండించి, ఇప్పుడు మిర్యాలగూడలో లావణ్య వాళ్లతోనే ఉంటున్న మనిషి. ఇప్పటికీ రోజూ కాలువ గట్టున ఐదు కిలోమీటర్లు పరుగెత్తి, ఇంటికొచ్చి యాభై బస్కీలు తీస్తాడట!

"బాబూ, పొద్దుగాల లేసి ఏం జేస్తవ్?" అన్నాడు తాత.

నిజం చెప్పాలంటే ఫోన్ చూస్తాను. కానీ లావణ్య నావైపే చూస్తోంది. "రోజూ ఐదు కిలోమీటర్లు ఉరుకుతనండీ!" అనేశాను.

"అబ్బో! అయితె ఈ రాత్రి మీ మేనత్త ఇంట్ల ఉండు. రేపు ఇద్దరం కలిసి ఉరుకుదాం."

మర్నాడు పొద్దున్నే గట్టు మీద మొదలుపెట్టాం. వంతెన దాకా పోయి మళ్లీ వెనక్కి రావాలి. రెండో కరెంటు స్తంభం దగ్గరే నాకు రొప్పు వచ్చింది. తాత మాత్రం వెనక్కి చూడకుండా దూసుకుపోతున్నాడు. ఏమి కాళ్లండీ అవి! సరిగ్గా అప్పుడే వెనకనుంచి వడ్ల ట్రాక్టర్ వచ్చింది.

"అన్నా, జర వంతెన కాడ దింపవా?"

"ఎక్కు తమ్మీ!"

ట్రాలీ ఎక్కి, వడ్ల మీద కప్పిన పరదా కిందికి దూరి పడుకున్నాను. తాతను దాటేటప్పుడు ఊపిరి బిగబట్టాను. ఆ రోజు నేను బాగా చేసిన వ్యాయామం అదొక్కటే. వంతెన దగ్గర దిగి, నడుం మీద చేతులు పెట్టుకుని వీరుడిలా నిలబడ్డాను.

తాత వచ్చాడు. "ఓహో, నన్ను దాటినవా? ఎప్పుడు?"

"కింద అడ్డదారిన వచ్చిన తాతా."

అంటుండగానే దురద మొదలైంది. మెడ, వీపు, చంకలు, ఎక్కడని చెప్పను! వడ్ల నూగు చెమటకు అంటుకుంటే ఎలా ఉంటుందో పడ్డవాళ్లకే తెలుసు. తాత కాసేపు నా గోకుడు చూసి, నా జుట్టులోంచి ఒక గింజ తీశాడు. పంటికింద పెట్టి కొంచెం కొరికాడు.

"సన్నాలు. ఇంక పచ్చిగనే ఉన్నయి, జర ఆరాలె. ఈ గట్టు కింద కోతలే గాలె గదా బిడ్డా, గీ గింజ యాడిది?"

ఇంకేం చెప్పను! "ట్రాక్టర్ ఎక్కిన తాతా. లావణ్య నచ్చింది, అందుకే అబద్ధం చెప్పిన."

తాత ఆ గింజను జేబులో వేసుకున్నాడు. "ఇగ పా. వాపసు నిజంగ ఉరుకు."

ఉరికాను, నడిచాను, కూలబడ్డాను. ఆయన ప్రతిసారీ ఆగి, "ముక్కుతోటి ఊపిరి తీస్కో" అంటూ లేపాడు. ఇంటి గేటు దగ్గర లావణ్య నిలబడి ఉంది.

"ఎట్ల ఉరికిండు తాతా?"

"పోయేటప్పుడు నన్నే దాటిండు బిడ్డా. వచ్చేటప్పుడు జర రొప్పిండు, అంతే."

ఒక్క ముక్క అబద్ధం లేదు! ఆ క్షణంలో ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది. నా చెవిలో మాత్రం, "పెండ్లి మూడు నెలలకు పెట్టిద్దాం. రోజూ ఉరుకు. లేకుంటె గింజ నా జేబులనే ఉంది, మర్చిపోకు" అన్నాడు.

భయంతో ఉరికాను, తర్వాత ఇష్టంతో ఉరికాను. పెళ్లిలో తాత మా తల మీద అక్షింతలు వేసి, నా అరచేతిలో ఏదో పెట్టి గుప్పిట మూశాడు. తెరిచి చూస్తే, పంటిగాటు పడిన వడ్ల గింజ.

ఇప్పుడు ఆయనకు డెబ్బై ఆరు. అత్తారింటికి పోయినప్పుడల్లా గట్టు మీద ఇద్దరం పరుగెత్తుతాం. వంతెన దగ్గరికి ఇంకా ఆయనే ముందు చేరతాడు. అందుకని కాలువ నీళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పరుగు గురించి ఈ జన్మలో అబద్ధమాడను. ఆడినా, కోతల కాలంలో మాత్రం ఆడను.