ఒక్క కొమ్ము తేడా

రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానలు ముదిరిన శ్రావణంలో, నన్ను ఒడిశాలోని గంజాం జిల్లాలో ఆంధ్ర సరిహద్దు వైపు బ్లాక్ పశువైద్యాధికారిగా వేశారు. ఆవు నుంచి కోడి దాకా ఆ బ్లాకులో ఏ జీవికి జబ్బు చేసినా బాధ్యత నాదే. పుట్టింది బరంపురం గోసాని నువాగాంలో, చదివింది ఒడియా బడిలో. తెలుగు రాత మా నాన్న పలక మీద నేర్పారు. అది నాకు బాగా వచ్చునని నా నమ్మకం.

గిరిసోల దగ్గర నరసమ్మ అనే ఆవిడ కోళ్లు పెంచేది. అంతకుముందు జీడిపప్పు కార్ఖానాలో పిక్కలు ఒలిచింది. జీడికి కాలిన వేళ్ల నలుపు ఇంకా పోలేదు. కోళ్లు ఎండిపోయి చస్తున్నాయని కబురు పెడితే వెళ్లి, చచ్చినదాన్ని కోసి చూశాను. పేగు నిండా ఏలికపాములు, ఉడికిన సేమ్యాలాగా.

"ఇయ్యి కూడా పోతే మల్లీ కార్ఖానాకే ఎల్లాల, డాక్టరు బాబూ," అంది.

కారణం ఇరుకు. యాభై పట్టే పాకలో నూరు కోళ్లున్నాయి. రెట్టతో పడ్డ ఏలికపాము గుడ్లు తడి ఊకలో రెండు మూడు వారాల్లో ముదురుతాయి. ఆ ఊక గీకి తిన్న కోడికి మళ్లీ పాములు. ఎన్ని కోళ్లు కిక్కిరిస్తే ఊకలో అన్ని గుడ్లు. మందు పేగులోని పాముల్ని చంపుతుంది గాని ఊకలోని గుడ్లను ఏమీ చెయ్యదు.

మొదటి మోతాదు నేనే నీళ్లలో కలిపి పట్టించాను. మిగతాది నోటితో చెబితే సరిపోయేది. కానీ తెలుగు రాయగల డాక్టరునని చూపించుకోవాలి కదా! రెండో మోతాదు మందుతోపాటు చీటీ రాసిచ్చి, దర్జాగా జీపెక్కాను.

నెల తర్వాత వెళితే పాక అంతే ఇరుగ్గా ఉంది. ఇంకో పదకొండు కోళ్లు పోయాయి. రెట్టను ఉప్పునీళ్లలో కలిపి, పైకి తేలినదాన్ని మైక్రోస్కోపులో చూస్తే మళ్లీ గుడ్లే. నేను రాసిందేమిటి, నువ్వు చేసిందేమిటి అని ఎగిరాను. ఆవిడ చూరులోంచి చీటీ తీసింది.

"సదవండి బాబూ. మీరు రాసినట్టే సేసాను. మీరు బిందెడు నీల్లలో కలిపిన మందుకి నేను రెండు బిందెలు పోసాను. పలచనయితే పన్సేస్తాదా అని నాకూ అనుమానమే. డాక్టరు రాసినాక మనకేటి తెలుస్తాదని ఊరుకున్నాను."

'మంద పలచన చెయ్యాలి' అన్నది నేను రాయబోయిన మాట. జీవితమంతా మందులు రాసిన చెయ్యి, అలవాటుకొద్దీ ఒక కొమ్ము తగిలించింది: 'మందు పలచన చెయ్యాలి'. ఆవిడ ఇచ్ఛాపురం బడిలో అయిదో తరగతి దాకా చదివింది. ఉన్నది ఉన్నట్టే చదివింది. తప్పు నాదేనని ఒప్పుకుని, రాయబోయిన మాట చెప్పాను.

"అంటే సగాన్ని ఏరే పాకలోకి తోలమనా? ఆ మాట నోటితో సెప్పీసుంటే పోయీది కదేటి!" అంది.

ఆ వారమే రెండో పాక లేచింది. ఊక మార్చి, సరైన మోతాదు పట్టించాం. కార్తీకానికి చావులు ఆగాయి. నరసమ్మ కార్ఖానాకు వెళ్లలేదు. ఆ పదకొండు కోళ్లు మాత్రం నా కొమ్ము పొడిచి చంపినవే.

మిగిలిన ఉద్యోగమంతా, చీటీ రాస్తే పుచ్చుకున్నవాళ్ల చేత పైకి చదివించి, ఏం చేస్తారో చెప్పించుకుని గాని కదల్లేదు. చాలాసార్లు తప్పు దొరికేది. ఒక్కసారి కూడా అది వాళ్లది కాదు.